నలభై ఒకటో దగ్గు

ఆ బహుమతి పేరు ఒక్క గుక్కలో చదవడం ఎవరివల్లా కాదు. వేర్వేరు శాస్త్రాల హద్దులు దాటి కలిసి పనిచేసే యువ పరిశోధకుల జాతీయ పురస్కారం అని దాని పూర్తి పేరు. యూనివర్సిటీలో అంత ఓపిక ఎవరికీ లేక ‘జంట బహుమతి’ అనేశారు. దానికి ఇద్దరు కలిసి దరఖాస్తు పెట్టాలి, ఇద్దరూ వేర్వేరు చదువులవాళ్లయి ఉండాలి, ఇద్దరికీ ముప్పై అయిదు నిండకూడదు. ముప్పై నాలుగేళ్ల పదకొండు నెలలకి యువకుడిగా ఉన్న మనిషి తర్వాతి నెలలో ఎలా ముసలివాడైపోతాడో ఆ నిబంధన రాసిన పెద్దలకే తెలియాలి.

ఈ కథలోని ఆమెకి ఆ గీత దాటడానికి ఇంకా పదకొండు వారాలుంది. ఆమెని చిన్నప్పటినుంచీ ఎరిగినవాళ్లంతా చెవులపిల్లి అనే పిలిచారు కాబట్టి మనమూ అలాగే పిలుద్దాం. కుందేలుని చెవులపిల్లి అంటారు కదా, ఆ పేరు పెట్టింది బాబాయి. తల్లీతండ్రీ ఆమెకి ఊహ తెలియకముందే పోతే బాబాయీ పిన్నీ పెంచారు. బాబాయి బస్సు డిపోలో మెకానిక్కు. బడి డిపో పక్కనే కావడంతో బడి వదలగానే పిల్ల పుస్తకాల సంచీతో సహా అక్కడికొచ్చి, ఆయన డ్యూటీ దిగేదాకా పనిముట్ల పెట్టె మీద కూర్చునేది. ఎక్కడ ఏ చప్పుడైనా అటు తల తిప్పేది. కుందేలుకి నిజంగా అన్ని చెవులుండవని డిపోలో నవ్వుకునేవారు.

బాబాయి పని తీరే వేరు. బస్సు వచ్చి ఆగగానే బానెట్టు ఎత్తి పానాలు పట్టుకునే రకం కాదు. ఇంజను ఆపొద్దు, నడవనీ అనేవాడు. మూరెడు పొడుగు స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి ఆనించి, కళ్లు మూసుకుని వినేవాడు. చుట్టూ నాలుగు బస్సులు గర్జిస్తున్నా ఆయనకి వినబడాల్సింది వినబడేది. మూడో సిలిండరు గొంతు బొంగురుపోయింది, పంపు మూలుగుతోంది అని జబ్బు చెప్పాకే చేతికి పనిముట్టు అందుకునేవాడు. ఆ పిడి పిల్ల చెవి వెనక కూడా పెట్టి, వినబడిందా అని అడిగేవాడు. మొదట్లో ఏమీ వినబడకపోయినా వినబడిందని బొంకేది. ఏడాది తిరిగేసరికి నిజంగానే వినబడింది.

ఆ పిల్లే పెద్దయి శబ్దాల ఇంజనీరింగు చదివి యూనివర్సిటీలో చేరింది. ఇంజను దగ్గు విని జబ్బు చెప్పగలిగినప్పుడు మనిషి దగ్గు విని ఎందుకు చెప్పలేమన్నది ఆమె పరిశోధన. తోడు దొరికినవాడు ఆస్పత్రిలో ఊపిరితిత్తుల డాక్టరు, ఆమెకన్నా రెండేళ్లు చిన్న. ఊపిరితిత్తులు లోపల్లోపల గట్టిపడిపోయే జబ్బొకటి ఉంది. ఛాతీ ఎక్స్‌రే ఫోటోలో కనబడేసరికి సగం పని అయిపోతుంది, ఆ తర్వాత వెనక్కి తిప్పడం కుదరదు. ముందే పట్టుకుంటే మనిషిని దుమ్ముకి దూరంగా ఉంచి, మందులతో ఏళ్ల తరబడి నెట్టుకురావచ్చు. ఆ తొలిదశని దగ్గులోంచి పట్టుకోవాలని ఇద్దరూ ఆరేళ్లు కిందా మీదా పడ్డారు. ఆమె ఇంజనీరింగు వాళ్ల మధ్య ఆస్పత్రి మనిషి, ఆస్పత్రి వాళ్ల మధ్య మిషన్ల మనిషి. ఎవరికీ సొంతమనిషి కాకపోవడంతో మెట్ల కింద పాత సామాన్ల గది ఇచ్చారు. తలుపు మీద ‘స్టోర్సు’ అన్న రేకు తీయడానికి కూడా ఎవరికీ తీరిక చిక్కలేదు. జంట బహుమతి వస్తే సొంత ల్యాబు, పక్కా ఉద్యోగం. రాకపోతే ఆ గది కూడా ఏడాది చివరిదాకానే.

ఆఖరి మూడు జంటల్లో వాళ్ల పేర్లున్నాయని ఉత్తరం వచ్చినరోజు బాబాయి మేడ దిగి వీధి చివరిదాకా వెళ్లి కనబడినవాళ్లందరికీ చెప్పొచ్చాడు. రిటైరై ఏడాదైంది, చెప్పుకోవడానికి మనుషులు తగ్గిపోయారు పాపం. తిరిగొచ్చేటప్పుడు రెండో అంతస్తు మలుపులో ఆగిపోయాడు. చెవులపిల్లి పైనుంచి చూసింది. రెయిలింగు పట్టుకుని, నోరు తెరుచుకుని, పైకి చూసి నవ్వుతున్నాడు. ఊపిరందడంలేదు. ఎన్నాళ్లనుంచి ఇలా అని అడిగితే వయసమ్మా అన్నాడు. పిన్ని మాత్రం, చలికాలం ముందునుంచీ ఇంతే, ఒట్టేయించుకుని నీకు చెప్పనివ్వలేదు అంది.

మర్నాడే ఆస్పత్రికి లాక్కుపోయింది. ఫోటో తీయించి చూసింది ఆమె జోడీ డాక్టరే. లోపల బాబాయి చొక్కా గుండీలు పెట్టుకుంటుండగా డాక్టరు బయటి వరండాలోకి వచ్చి, ఆమె మొహంలోకి చూడకుండా చెప్పాడు. అదే జబ్బు. వాళ్లిద్దరూ ఆరేళ్లుగా వెతుకుతున్న జబ్బే. చాలా దూరం వెళ్లిపోయింది. నెలలే తప్ప ఏళ్లు కావు.

ఆమె లోపలికెళ్లి, ఏం ఫర్వాలేదు బాబాయ్, మందులు వాడాలట అంది. ఆయన ఆమె గొంతు విన్నాడు. ఇంజను గొంతు తెలిసినవాడికి పెంచుకున్న పిల్ల గొంతు తెలియదా. చెప్పులు తొడుక్కున్నాడు.

వారం తర్వాత, పొద్దున్నే స్టోర్సు గదిలో కూర్చుని, బహుమతి సభలో చేయాల్సిన ప్రసంగం కోసం పాత జాబితాలు తిరగేసింది. మనసు పనిమీద లేదు. పనైనా చేయకపోతే పిచ్చెక్కుతుందని చేస్తోంది. ఒక ఫైలు తెరుచుకుంది. దాని పేరు ‘తీసేసినవి’.

ఈ తీసేసినవాటి సంగతి కొంచెం చెప్పుకోవాలి. జబ్బున్నవాళ్ల దగ్గులు ఆస్పత్రిలో కావలసినన్ని దొరికాయి. జబ్బు లేనివాళ్ల దగ్గులే కరువు. ఒంట్లో బాగున్నవాడు ఆస్పత్రికెందుకొస్తాడు? అప్పుడు ఆదుకున్నవాడు బాబాయి. మా డిపోకి రా, అందరిచేతా దగ్గిస్తానన్నాడు. మూడేళ్ల కిందట ఒకరోజంతా డిపోలో డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులు, గుమాస్తాలు వరసలో నిలబడి, మాకు ఏ జబ్బూ లేదు అని సంతకం పెట్టి, మైకు ముందు దగ్గిపోయారు. బ్రేకు షెడ్డువాళ్లు పని వదిలి రాలేమంటే మైకునే అక్కడికి పట్టుకెళ్లింది. షెడ్డులో గాలి కంప్రెసర్ ఆగకుండా తిరుగుతోంది. అప్పటికి పదేళ్లుగా బాబాయి పని కూడా ఆ షెడ్డులోనే, అక్కడ అందరికన్నా ముందు దగ్గినవాడు ఆయనే. నంబరు నలభై ఒకటి.

తర్వాత చిక్కొచ్చింది. డిపో దగ్గుల్లో తొమ్మిదింటిని, ఎన్నిసార్లు నేర్పినా, కంప్యూటరు జబ్బు దగ్గులనే అంటోంది. ఆమె తల ప్రాణం తోకకొచ్చింది. ఎక్కడ రికార్డు చేసినవని చూస్తే తొమ్మిదీ బ్రేకు షెడ్డువే. ఇంకేం, కారణం దొరికిందనుకుంది. కంప్రెసర్ చప్పుడు విని కంప్యూటరు బోల్తా పడుతోంది. తొమ్మిదీ తీసేసి, కారణం గడిలో ‘వెనక యంత్రం చప్పుడు’ అని తొమ్మిదిసార్లు రాసింది. కంప్యూటరు సరిగ్గా చెప్పే లెక్క నూటికి ఎనభై తొమ్మిదినుంచి తొంభై ఆరుకి ఎగబాకింది. పరిశోధన వ్యాసంలో అడుగున ఒక వాక్యం రాసింది కూడా. దాచిందేమీ లేదు. ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ఆ తొమ్మిది నంబర్లనీ చూస్తోంది. నలభై ఒకటి దగ్గర చూపు ఆగిపోయింది. కంప్యూటరు బోల్తా పడలేదు. మూడేళ్ల కిందట, బాబాయి మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతున్న రోజుల్లో, అది సరిగ్గానే చెప్పింది. ఒకసారి కాదు, నేర్పిన ప్రతిసారీ చెప్పింది. ఆమె తన చేత్తో కట్టిన యంత్రం మాటని పెడచెవిన పెట్టింది. రికార్డు చేసినవాటిలో ఒక్క దగ్గునైనా తన చెవులతో వినలేదు. వేల దగ్గులు, ఎవరు వింటారు, కంప్యూటరు వింటుంది కదా అనుకుంది. చెవులపిల్లి అన్న పేరు అంత సిగ్గుగా ఆమెకి ఎన్నడూ అనిపించలేదు.

ఆమె వెళ్లి చెబితే డాక్టరు పెన్ను మూత తీస్తూ పెడుతూ అంతా విన్నాడు. చెడ్డవాడేం కాదు. బహుమతి సభ ఆరు వారాల్లో ఉంది, అయ్యాక సవరణ రాద్దామన్నాడు. ఇప్పుడు రాస్తే వ్యాసం వెనక్కి తీసుకున్నట్టే, వ్యాసం లేకపోతే దరఖాస్తు లేదు. ఆరు వారాల్లో కొంపేమీ మునిగిపోదు అన్నాడు. చివరికి, "నాకింకా రెండేళ్లుంది, ఇంకోసారి పెట్టుకుంటాను. మీకే లేదు. మీకోసమే చెబుతున్నా," అన్నాడు.

ఆ మాట ఆమెకి నచ్చింది. అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది.

ఇంటికెళ్లేసరికి బాబాయి కిటికీ పక్కన మంచం మీద ఉన్నాడు. ముక్కుకి గొట్టం, పక్కన ఆక్సిజన్ యంత్రం. చేతిలో పాత స్క్రూడ్రైవరు. దాని మొన యంత్రం డొక్కకి ఆనించి, పిడి చెవి వెనక పెట్టుకుని వింటున్నాడు. దీని బేరింగు అరిగింది, కంపెనీవాడికి చెబితే నాకు పిచ్చనుకున్నాడు అన్నాడు. పిన్ని పాలు తేవడానికి వెళ్లింది. ఇప్పుడు చెప్పకపోతే ఎప్పటికీ చెప్పలేనని చెవులపిల్లికి తెలుసు. మంచం అంచున కూర్చుంది.

"బాబాయ్, నీ దగ్గు మా కంప్యూటరు అప్పుడే పట్టుకుంది. నేనే తీసి పారేశాను."

ఆయన స్క్రూడ్రైవరు కిందికి దించాడు. ఎందుకని అడిగాడు. వెనక కంప్రెసర్ చప్పుడుందని అంది.

ఆయనకి కోపం రాలేదని రాస్తే అబద్ధమవుతుంది. మొహం గోడవైపు తిప్పుకున్నాడు. యంత్రం పదిసార్లో ఇరవైసార్లో గాలి పీల్చి వదిలింది. ఆమె ఆ చప్పుళ్లు లెక్కపెట్టలేకపోయింది.

"ఇంజను ఆపి నేనెప్పుడైనా విన్నానా?" అన్నాడు గోడతోనే. "చప్పుడు మధ్యలోంచి వినడమే కదమ్మా నీకు నేర్పింది."

ఆమె ఏడ్చేసింది. చిన్నప్పుడు పనిముట్ల పెట్టె మూతలో వేలు నలిగినప్పుడు ఏడ్చినట్టే ఏడ్చింది. ఆయన కాసేపు ఏడవనిచ్చాడు. తర్వాత ఇటు తిరిగి, మూడేళ్ల కిందట తెలిసుంటే ఏమయ్యేదని అడిగాడు. అదే ప్రశ్న ఆమె డాక్టరుని అడిగింది, ఆరేడేళ్లు గ్యారంటీగా వచ్చేవన్నాడు. ఆమె నీళ్లు నమలడం చూసి, వద్దులే చెప్పకు అన్నాడు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

కొంతసేపటికి ఆయనకేదో తట్టింది. మోచేతుల మీద లేవబోయాడు.

"నాదొక్కటేనా? ఇంకా ఎవరివి తీశావు?"

తొమ్మిది అంది. ఎవరెవరో ఆమెకి తెలియదు, నంబర్లే తెలుసు. ఆయనకి నంబర్లక్కర్లేదు. ఆరోజు షెడ్డులో తన వెనక ఎవరు నిలబడ్డారో వేళ్ల మీద చెప్పుకుపోయాడు. పొట్టి ఫిట్టరు. వెల్డరు. బావగారని అందరూ పిలిచే ముసలాయన. డ్రమ్ములు తుడిచే కవలలిద్దరూ. ఊపిరాడక మధ్యలో ఆగి, మళ్లీ చెప్పి, ఎనిమిదిమందినీ పూర్తి చేశాడు. ఏళ్ల తరబడి బ్రేకు లైనింగుల దుమ్ము గాలి గొట్టంతో ఊది శుభ్రం చేసినవాళ్లు. ఏడుగురు ఇంకా ఆ షెడ్డులోనే ఉన్నారు, ఈ పూట కూడా ఊదుతూనే ఉంటారు.

డాక్టరు ఆరు వారాలు ఆగుదామంటున్నాడని ఆమె చెప్పింది. బహుమతి సంగతీ చెప్పింది. ఆ సభకోసం ఆయన కుట్టించుకున్న కొత్త చొక్కా బీరువా తలుపుకి వేలాడుతోంది, ఇద్దరూ దానివైపు చూడలేదు.

"బ్రేకు పడట్లేదని తెలిశాక బండిని ఇంకో ట్రిప్పు పంపుతామా?" అన్నాడు. "ఏడవాలంటే తర్వాత ఏడుద్దువుగాని. ముందు వాళ్లకి ఫోను చెయ్యి."

బహుమతి కమిటీకి ఉత్తరం ఆమె ఆ మధ్యాహ్నమే రాసింది. వ్యాసంలో తప్పుందని, దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నామని నాలుగు వాక్యాలు. పంపే ముందు ఒకసారి కిటికీలోంచి బయటికి చూసింది. అవును, ఆమెకి ఆ బహుమతి కావాలి. ప్రాణం కొట్టుకునేంత కావాలి. త్యాగం చేస్తున్నప్పుడు మనసు తేలికపడుతుందని చెప్పేవాళ్లెవరో ఆమెకి కనబడితే బాగుండునని అనుకుని బటన్ నొక్కింది. జవాబు రెండు రోజుల్లో వచ్చింది, మర్యాదగా ఉంది. మొక్కల వేళ్లూ వంతెనల పునాదులూ కలిపి చదివిన జంటకి బహుమతి దక్కింది. వాళ్లది మంచి పనే, ఒప్పుకోవాలి.

డాక్టరు వారంపాటు ఆమె ఫోను ఎత్తలేదు. ఆ తర్వాత ఆదివారం తనంతట తనే ఫోన్ చేసి, మీ డిపోవాళ్లని తీసుకురండి, ఆస్పత్రిలో ఫోటోల గది తెరిపించాను అన్నాడు. ఎనిమిదిమందిలో ఒకతను ఉద్యోగం మానేసి ఎటు వెళ్లాడో ఎవరికీ తెలియదు. ఏడుగురు వచ్చారు. బాబాయిని రావద్దన్నా వినలేదు. చక్రాల కుర్చీలో, ఒళ్లో ఆక్సిజన్ సిలిండరుతో, ఆ కొత్త చొక్కా తొడుక్కుని వచ్చి వరండాలో వరస మొదట్లో కూర్చున్నాడు. భయపడుతున్నవాళ్లని తిట్టాడు, దొంగ దగ్గు దగ్గకండిరా అని వేళాకోళం చేశాడు. సాయంత్రానికి ఫోటోలొచ్చాయి. ఇద్దరికి ఏమీ లేదు. అయిదుగురికి మచ్చలున్నాయి, అందులో ముగ్గురివి చిన్నవి. కవలల్లో ఒకడికి ఉంది, ఒకడికి లేదు. లేనివాడే ఎక్కువ ఏడ్చాడు.

డిపో అధికారులు మొదట కొట్టిపారేశారు. డాక్టరు ఫోటోలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ కాలికి బలపం కట్టుకు తిరిగాడు. రెండు నెలలు గడిచాక షెడ్డుకి తాళం పడింది. ఆ కబురు చెవులపిల్లి బాబాయికి చెప్పినప్పుడు ఆయన మాట్లాడే స్థితిలో లేడు. ఆమె చెయ్యి పట్టుకుని బొటనవేలితో రెండుసార్లు నొక్కాడు. బానెట్టు దించి, బండి పోవచ్చని డ్రైవరుకి సైగ చేసేటప్పుడు అలాగే రేకు మీద రెండుసార్లు తట్టేవాడు. అయిదు రోజులకి పోయాడు. ఆరోజు ఆమె ముప్పై అయిదు నిండి సరిగ్గా వారం.

పిన్ని ఆమెని ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేదని చెవులపిల్లికి చాలాసార్లు అనిపించింది.

స్టోర్సు గది ఖాళీ చేయడానికి ఇంకా కొన్ని వారాలు మిగిలి ఉండగా ఆమె సవరించిన వ్యాసం రాయడానికి కూర్చుంది. తొమ్మిది దగ్గులనీ వెనక్కి తేవాలి. ఆచూకీ తెలియనివాడి పేరుకి ఎదురుగా ‘తెలియదు’ అని రాసింది. ఏమీ లేని ఇద్దరివీ పాత వరసలోకే వెళ్లాయి. అయిదుగురివీ, బాబాయిదీ జబ్బున్నవాళ్ల వరసలోకి మారాలి. తీసేసేటప్పుడు కత్తిరించిన ముక్కల్ని పారేసింది కాబట్టి, డిపోలో చేసిన అసలు రికార్డింగులు తెరిచి, ఎక్కడ దగ్గు మొదలై ఎక్కడ అయిపోతుందో విని మళ్లీ కత్తిరించుకోవాలి. ఈసారి కంప్యూటరుకి వదల్లేదు. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. తక్కినవన్నీ అయ్యాక నలభై ఒకటి తెరిచింది.

కంప్రెసర్ గుడగుడ. ఎవరో రేకు మీద సుత్తితో కొడుతున్నారు. గొంతు సవరించుకోవడం, తర్వాత దగ్గు. ఆ దగ్గు చివర, చాలా సన్నగా, గట్టి కాగితం నలిపినట్టు చిటపటలు. అంత చప్పుడులోనూ స్పష్టంగా ఉన్నాయి. ఆమెకి ఒక్కసారికే వినబడ్డాయి. రెండోసారి వినాల్సిన అవసరమే లేదు.

ఆమె ఆపబోయింది గానీ రికార్డింగు ఇంకా ఉంది. కత్తిరించిన ముక్కలో ఈ భాగం ఎప్పుడూ లేదు, ఉన్నట్టే ఆమెకి గుర్తులేదు. బాబాయి గొంతు మైకుకి దగ్గరగా వచ్చింది. నిండా ఊపిరి ఉన్న గొంతు.

"సరిపోయిందా అమ్మా? ఇంకోసారి దగ్గమంటావా?"

దాని వెంటనే ఆమె గొంతు. చిన్నగొంతు, తొందరలో ఉంది, అప్పటికే పక్కమనిషి వైపు తిరిగిపోతోంది.

"చాలు బాబాయ్, బాగానే ఉంది. తర్వాతవాళ్లని రమ్మను."